మాటలు లేని చిత్రం, రెండు భాషల కళాశాల

సాహిత్యం బోధించవలసిన అధ్యాపకుడు కళాశాల వార్షిక సంచికలో సినిమాను గూర్చి వ్రాయడమేమిటని ఈ పుటలు తిరగవేసే పెద్దలలో కొందరికైనా తోచవచ్చు. ఆ ఆక్షేపణకు సమాధానం చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ఈ విద్యా సంవత్సరంలో ఒకనాడు తరగతిలో ఒక ప్రశ్న అడిగాను. మన ఉదయగిరిలో జన్మించి, దేశమంతటా పేరు గడించిన కళాకారుడెవరు? ఉదయగిరి నుండి, ఆత్మకూరు నుండి, చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చే విద్యార్థులు నలభై మంది వరకు ఉన్నారు. ఒకరు కొండమీది కోటను గూర్చి చెప్పారు. మరొకరు కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కే మన స్త్రీల పనితనాన్ని గూర్చి చెప్పారు. అవి రెండూ గర్వింపదగినవే. కాని సింగీతం శ్రీనివాసరావు గారి పేరు ఏ ఒక్కరి నోటా రాలేదు. "భైరవద్వీపం చూశారా?" అంటే మాత్రం సగం చేతులు లేచాయి. చిత్రం తెలుసు, దర్శకుడెవరో తెలియదు. ఆయన తమ ఊరిలోనే పుట్టినవాడని అసలే తెలియదు. దోషం పిల్లలది కాదు, చెప్పవలసిన మనది.

సింగీతం వారు 1931 సెప్టెంబరు 21న ఉదయగిరిలో జన్మించారు. తండ్రి ప్రధానోపాధ్యాయులు, తల్లి వయొలిన్ విద్వాంసురాలు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనే రోజులలో హరీంద్రనాథ్ చటోపాధ్యాయ వద్ద నాటక విద్యలో ప్రవేశం పొందారు. పట్టం పుచ్చుకొన్న తరువాత సూళ్లూరుపేటలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ, విద్యార్థుల కోసం నాటకాలు వ్రాసి ఆడించారు. అంటే ఆయన దర్శకత్వానికి తొలి రంగస్థలం ఒక పాఠశాల. ఈ విషయాన్ని మనవంటి విద్యాసంస్థలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఆపైన కె.వి. రెడ్డి గారి వద్ద శిష్యరికం. 1957 నాటి 'మాయాబజార్'కు ఆయన సహాయకులలో ఒకరు. 1970లో నెల్లూరువాసి, కవి అయిన పఠాభి, అనగా తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారు, కన్నడంలో 'సంస్కార' నిర్మించి దర్శకత్వం వహించినప్పుడు సింగీతం వారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఆ చిత్రానికి జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రంగా పురస్కారం లభించింది. స్వతంత్ర దర్శకునిగా తొలి చిత్రం 'నీతి నిజాయితీ' 1972లో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. ఇరవై రెండేళ్లకే జీవితం తేలిపోయిందని దిగులుపడే మన విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి వేసుకోవాలి. రెండేళ్ల తరువాత రాజాజీ రచన ఆధారంగా తమిళంలో తీసిన 'దిక్కట్ర పార్వతి'కి జాతీయ పురస్కారం లభించింది. తెలుగు, తమిళం, కన్నడం, ఏ భాషలోనూ ఆయన పరాయివాడు కాలేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఆయన పుట్టిన 1931లోనే భారతీయ సినిమా తొలిసారి మాట్లాడింది. ఆ సంవత్సరం మార్చిలో విడుదలైన 'ఆలం ఆరా' భాష హిందుస్తానీ. మన ఇళ్లలో వినవచ్చే ఉర్దూకు తోబుట్టువు. సరిగ్గా యాభై ఆరేళ్లకు, 1987లో, సింగీతం వారు సినిమా నోటి నుండి ఆ మాటను తిరిగి తీసివేశారు. అదే 'పుష్పక విమానం'. అందులో సంభాషణ లేదు, శబ్దం మాత్రం ఉంది. ఇరుకు లాడ్జిలో, పక్కనున్న సినిమా హాలు రొదలో బ్రతికిన నిరుద్యోగి ఒక గొప్ప హోటలు గదిలో చేరతాడు. ఆ నిశ్శబ్దంలో అతనికి నిద్ర పట్టదు. చివరకు ఆ పాత రొదను టేపులో పట్టి తెచ్చుకొని, దానిని వింటూ నిద్రపోతాడు. పేదరికం మనిషికి ఎంతగా అలవాటైపోతుందో చెప్పడానికి పది పుటల ఉపన్యాసం కూడా ఇంత పని చేయజాలదు. ఆ చిత్రం చివర నాయకుడు మళ్లీ ఉద్యోగార్థుల వరుసలోనే నిలబడి ఉంటాడు. ఆ వరుస ఎంత పొడవో మన పట్టభద్రులకు నేను చెప్పనక్కరలేదు.

తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజులలో వసతిగృహంలో ఈ చిత్రం చూశాను. నా పక్కన ఒక తమిళ మిత్రుడు, ఒక కన్నడ మిత్రుడు కూర్చున్నారు. ముగ్గురం ఒకే క్షణంలో నవ్వాము, ఒకే చోట మౌనం వహించాము. ఎవరికీ అనువాదం అవసరం కాలేదు. ఆ అనుభవమే నేడు నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

1991 నాటి 'ఆదిత్య 369'లో కాలయంత్రం మనలను శ్రీకృష్ణదేవరాయల కొలువుకు కొనిపోతుంది. 1513లో ముట్టడి ఆరంభించి, 1514లో గజపతుల నుండి ఉదయగిరిని గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించినవాడు ఆ రాయలే. ఆ తరువాతి శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఏలుబడి వచ్చింది. ఆలయాలు, మసీదులు ఒకే కొండపై గల ఊరు మనది. ఆ కొండ నీడలో పుట్టినవాడు కాలంలో వెనుకకు నడచే కథ తీయడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని ఆ చిత్రం చూసిన విద్యార్థికి చరిత్ర పాఠం తన ఇంటి వాకిటనే మొదలవుతుంది.

ఐరోపాను చూడండి. చెక్ దర్శకుడు మిలోష్ ఫోర్మన్ 1932లో చాస్లావ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. సింగీతం వారికి ఇంచుమించు సమవయస్కులు. నాజీల నిర్బంధంలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఆ బాలుణ్ణి, అతని తరంలోని మరెందరినో, 1946లో ప్రాగ్ నగరంలో వెలసిన చలనచిత్ర విద్యాలయం తీర్చిదిద్దింది. 1968లో సోవియట్ సేనలు ప్రవేశించిన పిదప ఆయన అమెరికా చేరి, 1984లో 'అమడేయస్' తీసి ఎనిమిది ఆస్కార్లు సంపాదించిపెట్టారు. చిన్న దేశమైనా కళను చదువులో భాగంగా ఎంచింది. మనవాడికి దొరికినవి తల్లి సంగీతం, కళాశాల నాటకం, ఒక గురువు. అందరికీ అంతటి అదృష్టం పట్టదు. అదృష్టం చేయని పనిని సంస్థ చేయాలి.

"సినిమాలు చూపించడానికా సార్ కాలేజీ పెట్టింది?" అని మన శ్రేయోభిలాషి అయిన ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన భయం నిరాధారం కాదు. నేటి చిత్రాలలో హింస ఉంది, వెకిలితనం ఉంది, చదువుకొనే వయస్సును హరించే వ్యామోహం ఉంది. సింగీతం వారి చిత్రాలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయనీ నేను వాదించను. కాని నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఫోను ఉంది. మనం చూపకపోతే వారు చూడరన్నది భ్రమ. ఒంటరిగా, విచక్షణ లేక చూడడమా, నలుగురితో కూర్చొని చూసి చర్చించడమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

మరొక మాట, కొంచెం చేదైనా చెప్పక తప్పదు. మన కళాశాలలో ఉర్దూ విభాగం వారు ఒక వరండాలో, తెలుగు విభాగం వారు మరొక వరండాలో నిలబడతారు. వైరం లేదు, పరిచయమూ లేదు. ముషాయిరాకు తెలుగువారు రారు, కవి సమ్మేళనానికి ఉర్దూవారు రారు; భాష అడ్డమంటారు. భాషే లేని చిత్రానికి ఆ సాకు చెల్లదు కదా!

కనుక కళాశాల పాలక సంఘం వారికి నా విన్నపం ఇది. సంవత్సరానికి మూడు చిత్రాలు చాలు. అధ్యాపకులే ఎన్నుకొని, తాము ముందు చూసి, విద్యార్థులకు చూపాలి. పిమ్మట ఒక గంట చర్చ జరగాలి. ఉర్దూ విద్యార్థి వ్రాసిన సమీక్షను తెలుగు విద్యార్థి అనువదించాలి, తెలుగు సమీక్షను ఉర్దూ విద్యార్థి అనువదించాలి. రెండూ వచ్చే సంచికలో పక్కపక్కనే అచ్చు కావాలి. మొదటి చిత్రంగా 'పుష్పక విమానం' ఉండాలి.

సింగీతం వారు ఎనభై దాటిన వయస్సులో, 2013లో, 'వెల్‌కమ్ ఒబామా' తీశారు. 2024లో వచ్చిన 'కల్కి' చిత్రబృందానికి తొంభై దాటిన వయస్సులో మార్గదర్శిగా నిలిచారు. తొంభై ఏళ్లు దాటినా ఆయనకు క్రొత్తదంటే భయం లేదు. ఆయన పుట్టిన గడ్డమీది కళాశాలకు ఆ భయం ఎందుకు?