దారి కావాలి, కానీ ఎటు నుంచి ఎటు?



ఈ నెల గోడ పత్రికలో "నా అభిప్రాయం" కింద ఏదైనా రాయమని తెలుగు మేడం చెప్పారు. కొందరు చెట్ల గురించి, కొందరు పరిశుభ్రత గురించి రాశారు. అవి మంచివే. నేను మాత్రం మా గూడెం నడుమ వేస్తామంటున్న సిమెంటు నడకదారి గురించి రాస్తున్నాను. ఇది మా ఒక్క ఊరి సంగతి అనుకుని వదిలెయ్యకండి. మన హాస్టల్లో ఉన్నవాళ్ళ అందరి గూడేలకూ ఇవాళ కాకపోతే రేపు ఇలాంటి కాగితం వస్తుంది.

ముందు ఆ జాగా ఎట్లాంటిదో చెప్తాను. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. ఊరి నడుమ ఇండ్లు లేని జాగా ఉంది. దానికి పట్టా లేదు, అది ఏ ఒక్కరిదీ కాదు. ఒక పక్కన ముత్యాలమ్మ గద్దె, ఇప్పచెట్టు. ఇంకో పక్కన చింతచెట్టు, బోరింగు, ఆ వెనక అంగన్‌వాడీ. కాగితంలో దాన్ని "ఖాళీ స్థలము" అని రాశారట. కానీ అది ఏ నెలలోనూ ఖాళీగా ఉండదు. పొద్దున్నే పశువుల మంద అక్కడ చేరుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు అక్కడే ఆరబోస్తారు. తునికాకు కోసుకొచ్చి ఆ చెట్టు నీడలోనే కూర్చుని కట్టలు కడతారు, కట్టకు 50 ఆకులు. పెళ్ళి పందిరి అక్కడే. తగువు వస్తే పెద్దలు కూర్చునేదీ అక్కడే. సాయంత్రం మా తమ్ముళ్ళ కబడ్డీ కూడా అక్కడే.

అన్నిటికన్నా ముఖ్యం విజ్జ పండుం. తెలుగులో భూమి పండుగ, విత్తనాల పండుగ అంటారు. వానలకు ముందు గింజలు తెచ్చి భూమితల్లికి మొక్కి, ఆ తర్వాతే చేలో వేస్తాం. ఆ రాత్రి మగవాళ్ళు కొమ్ములు పెట్టుకుని డోలు కొడతారు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడతారు. ఊరంతా పట్టాలంటే ఆ జాగా ఒక్కటే ఉంది.

ఇప్పుడు దారి సంగతి. నేను దారి వద్దు అనను. జూన్ నుంచి అక్టోబరు దాకా మా ఊరు బురదే. నీళ్ళ బిందె ఎత్తుకున్న అమ్మలు జారతారు. మా నాయనమ్మ కర్ర బురదలో దిగబడి పోతుంది, ఒక చేత్తో కర్ర పీకుతూ ఇంకో చేత్తో గోడ పట్టుకోవాలి. అంగన్‌వాడీకి పోయే చిన్నపిల్లలు ఇంటికి వచ్చేసరికి గుర్తు పట్టలేము. నొప్పులు వచ్చినవాళ్ళను 108 బండి ఆగే రోడ్డు దాకా మంచం మీద మోస్తారు. మోసే నలుగురిలో ఒకరి కాలు జారినా అందరూ పడతారు. కొందరు పెద్దవాళ్ళు "మన తాతలు ఈ మట్టిలో నడవలేదా?" అంటున్నారు. నడిచారు. జారి పడ్డవాళ్ళు కూడా ఆ తాతలే, నాయనమ్మలే. కాబట్టి దారి కావాలి. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను.

అయితే ఎటు నుంచి ఎటు? గొడవంతా ఇక్కడ ఉంది. కాగితంలో రోడ్డు నుంచి అంగన్‌వాడీ దాకా జాగా నడిమధ్య నుంచి తిన్నగా గీత గీశారట. తిన్నగా పోతే పొడవు తగ్గుతుంది, సిమెంటు తక్కువ పడుతుంది. ఆ లెక్క నాకూ అర్థమయింది. కానీ ఆ లెక్కలోకి రానివి రెండు ఉన్నాయి.

మొదటిది ఆట జాగా. నడుమ సిమెంటు దారి వస్తే అది రెండు ముక్కలు అవుతుంది. సిమెంటు దారి నేలకు సమంగా ఉండదు, జానెడు ఎత్తు లేస్తుంది. రాత్రిపూట చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడేవాళ్ళు ఆ అంచు తగిలి పడతారు. రెండు మూడేండ్లు అట్లా అయితే ఆటే తగ్గిపోతుంది. ఎవరూ ఆపకుండానే ఆగిపోతుంది.

రెండవది నీళ్ళు. మా ఊరి నేల గుట్ట వైపు ఎత్తు, వాగు వైపు పల్లం. వాననీళ్ళు ఆ జాగా మీదుగా జారి వాగులోకి పోతాయి. అడ్డంగా జానెడు ఎత్తు దారి వేస్తే అది పొలం గట్టు లాగా నీళ్ళను ఆపుతుంది. పై వైపు ఉన్న ఇండ్లలోకి నీళ్ళు వస్తాయి. తూములు పెట్టవచ్చు, కానీ ఎక్కడ పెట్టాలో తెలియాలి. కొలవడానికి వచ్చినవాళ్ళు ఎండాకాలంలో వచ్చారు. ఎండిన నేల మీద నీళ్ళ దారి కనపడదు. మా ఊళ్ళో పశువులు కాసే పిల్లవాడిని అడిగినా చూపిస్తాడు.

దారి నడుమ నుంచే రావాలి అనేవాళ్ళు కూడా ఉన్నారు. మా అన్నలలో కొందరు "సిమెంటు ఉంటే వడ్లు ఆరబోసుకోవచ్చు, మోటారు సైకిలు ఇంటి దాకా వస్తుంది" అంటారు. వడ్ల సంగతి నిజమే. సిమెంటు మీద తొందరగా ఆరుతాయి, మన్ను కలవదు. కానీ అంచున వేసిన సిమెంటు మీద కూడా వడ్లు ఆరుతాయి కదా. మోటారు సైకిలు సంగతి మాత్రం వేరు. చిన్నపిల్లలు ఆడే చోట బండి స్పీడుగా రావడం నాకు ఇష్టం లేదు.

అందుచేత నా అభిప్రాయం ఏమనగా, దారి అంచు నుంచి రావాలి. రోడ్డు దగ్గర మొదలుపెట్టి, చింతచెట్టు పక్క నుంచి, బోరింగు మీదుగా అంగన్‌వాడీ దాకా. అక్కడ ఇప్పటికే కాలిబాట ఉంది. ఎవరూ గీత గియ్యకుండానే మా అమ్మలు నీళ్ళకు నడిచి నడిచి వేసిన బాట అది. ఆగస్టులో జ్వరమొచ్చి ఇంటికి పోయినప్పుడు, జ్వరం తగ్గాక నేను అడుగులు లెక్క పెట్టాను. నడుమ నుంచి అయితే 140 అడుగులు, అంచు నుంచి అయితే 190. యాభై అడుగులు ఎక్కువ. మా నాయనమ్మకు అది కూడా ఎక్కువే, కాదనను. కానీ ఆ దారి ఆమె ఇంటి ముందు నుంచి పోతుంది, బోరింగు తగులుతుంది. నడిమి దారికి రావాలంటే ఆమె ముందు బురద దాటి రావాలి.

ఇక మమ్మల్ని అడిగిన పద్ధతి గురించి. ఇది ఆదివారం మా అమ్మ నన్ను చూడడానికి వచ్చినప్పుడు చెప్పింది. రాత్రి చాటింపు వేశారు, తెల్లారి 11 గంటలకు గ్రామసభ. అవి నాట్ల రోజులు. ఆడవాళ్ళు చాలామంది పొలంలో ఉన్నారు. కాగితం తెలుగులో గబగబా చదివారు. "ప్రతిపాదిత", "అంచనా వ్యయము", "తీర్మానించడమైనది" లాంటి మాటలు తొమ్మిదో తరగతి చదివే నాకే నోరు తిరగవు. కోయ మాట్లాడే మా ముసలివాళ్ళకు ఎట్లా తెలుస్తాయి? "అందరికీ ఇష్టమేనా?" అన్నారు. కొందరు "ఇష్టమే" అన్నారు. వేలిముద్రలకు రిజిస్టరు తిప్పారు. మా అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగింది: "దారి ఎటు నుంచి ఎటు ఏస్తరయ్యా?"

"అదంతా ఇంజనీరు చూసుకుంటడు, నువ్వు వేలు పెట్టమ్మా" అన్నారట.

మా అమ్మ వేలు పెట్టలేదు. పక్కన ఉన్న ఇద్దరు పిన్నిలు కూడా చేతులు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు మా పటేల్ "ఆడోళ్ళు పొలం కాడి నుంచి వచ్చినంక మళ్ళ కూసుందాం" అన్నాడు. సభ ఆగింది. దసరా సెలవుల్లో మళ్ళీ పెడతామన్నారు.

మా అమ్మ బడికి పోలేదు. అయినా ఆమె అడిగిన ప్రశ్న ఆ రోజు అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. ఆమె అడగడానికి చట్టంలో హక్కు కూడా ఉంది. మనకు సాంఘిక శాస్త్రంలో గ్రామసభ పాఠం ఉంది కదా. 1992లో 73వ రాజ్యాంగ సవరణ చేశారు, 1993లో అమలయింది. అది 5వ షెడ్యూలులో ఉన్న మన ఏజెన్సీ ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది, 1996లో పెసా చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో చేశారు. ఊరి అభివృద్ధి పనులను మొదలుపెట్టకముందే గ్రామసభ ఆమోదించాలి అని ఆ చట్టంలో ఉంది. మన ఆచారాలను, ఊరి ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉంది అని కూడా ఉంది. మా పెద్దలు "మావ నాటే మావ రాజ్" అంటారు, మా ఊళ్ళో మా రాజ్యం అని. చట్టం చెప్పేది కూడా దాదాపు అదే. ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు కూడా 2011లో ఒక తీర్పులో చెప్పింది.

ఒడిశాలో నియమగిరి అనే కొండ ఉంది. అక్కడ డోంగ్రియా కోంధులు ఉంటారు. ఆ కొండ మీద బాక్సైటు గని తవ్వాలా వద్దా అని ఊళ్ళనే అడగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. గనికి అనుమతి రాలేదు. అంత పెద్ద గనికే ఊరిని అడిగినప్పుడు, మా చిన్న దారికి మా అమ్మలను అడగడం కష్టమా?

సరిగ్గా అడగాలంటే ఇట్లా చెయ్యాలి అని నా ఆలోచన:

1. చాటింపు వారం ముందు వెయ్యాలి. సంత రోజు కూడా చెప్పాలి, అప్పుడు అందరికీ తెలుస్తుంది.
2. సభ సాయంత్రం పెట్టాలి, పొలం పనులు అయ్యాక.
3. కాగితంలో ఉన్నది కోయ భాషలో చెప్పాలి. డబ్బు ఎంతో, దారి వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో కూడా చెప్పాలి.
4. కూర్చుని మాట్లాడితే చాలదు. దారి వచ్చే చోట సున్నంతో గీత గీసి, అందరూ దాని వెంట నడవాలి. నడుమ ఒక గీత, అంచున ఒక గీత. రెండు మూడు రోజులు అట్లాగే ఉంచితే ముసలివాళ్ళు, పిల్లలు కూడా చూస్తారు.
5. ఆడవాళ్ళను, ముసలివాళ్ళను ముందు అడగాలి. ఎక్కువ నడిచేది వాళ్ళే.
6. తీర్మానం రాసిన తర్వాత మళ్ళీ చదివి వినిపించాలి. ఆ తర్వాతే వేలిముద్ర.

"నీకు పద్నాలుగేండ్లు, నీకెందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఓటరు జాబితాలో పేరు ఉన్నవాళ్ళే గ్రామసభ సభ్యులు. నాకు 18 ఏండ్లు రావాలి. కానీ సిమెంటు దారి ఒకసారి వేస్తే చాలా ఏండ్లు ఉంటుంది. ఇప్పుడు వేలిముద్ర వేసే ముసలివాళ్ళ కన్నా దాని మీద ఎక్కువ కాలం నడిచేది మేమే. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయం వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో ఉంది. మన దేశం 1992లో దాన్ని ఒప్పుకుంది. కర్ణాటకలో పిల్లలకు వేరే గ్రామసభలు పెడతారు, "మక్కళ గ్రామసభ" అంటారు. ఓటు ఇవ్వకపోయినా ఫరవాలేదు, మాట వింటే చాలు.

వార్డెన్ మేడం గార్లకు ఒక మనవి. కోపగించుకోవద్దు. మన హాస్టల్ మీటింగులో "అందరికీ ఓకేనా?" అంటే మేమందరం "ఓకే మేడం" అని ఒక్క గొంతుతో అంటాం. కొత్తగా చేరిన చిన్న చెల్లెళ్ళు ప్రశ్న అర్థం కాకపోయినా అంటారు. వాళ్ళను వాళ్ళ భాషలో ఒకసారి అడిగితే బాగుంటుంది. మేము పెద్ద తరగతుల వాళ్ళం కోయలో చెప్పి పెడతాం. ఇక్కడ అడగడం అలవాటైతే రేపు గ్రామసభలో అడగడానికి భయం ఉండదు.

అక్కలారా, చెల్లెళ్ళారా, దసరాకు అందరం ఇంటికి పోతాం. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. మీలో చాలామంది కూడా అంతే. పరీక్షల్లో మార్కులకే కాకుండా ఈ చదువు ఇంకో పనికి వస్తుంది. మీ ఊరికి ఏ కాగితం వచ్చినా ముందు మీరు చదవండి. మీ అమ్మకు, నాయనమ్మకు మీ భాషలో చెప్పండి. అర్థం కాని మాట ఉంటే తెచ్చి సోషల్ మేడం గారిని అడగండి. మీ అమ్మ వేలు పెట్టేముందు ఆ వేలి కింద ఏముందో ఆమెకు తెలియాలి. మా ఊరి సభలో రిజిస్టరు చదివి వినిపిస్తానని నేను మా పటేల్ తాతకు ముందే కబురు పంపాను. చదవనిస్తారో లేదో చూడాలి. చదవనివ్వకపోతే మా అమ్మ పక్కన కూర్చుని ఆమె చెవిలో చెప్తాను.

నా అభిప్రాయం తప్పు అని, దారి నడుమ నుంచే రావాలి అని ఎవరికైనా అనిపిస్తే తప్పకుండా రాయండి. దీని పక్కనే అంటించడానికి జాగా వదిలాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి