సెల్ఫ్ తీయని బండి, ఎదురొచ్చిన మనిషి

జనవరి మొదటి వారం, సోమవారం పొద్దున. నారాయణఖేడ్‌లో మా అక్కావాళ్ల ఇల్లు. అత్తమ్మకు కళ్లు చూపించడానికి బీదర్ పోవాలి. ఎనిమిదింటికి బావ తాళం తిప్పాడు. బానెట్ కింద ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పాడు, మళ్లీ అదే. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజన్ మాత్రం తిరగదు. అప్పుడే ఎదురింటామె పాలగిన్నె పట్టుకుని గేటు దాటి వచ్చింది. ఆమె భర్త పోయి రెండేళ్లయింది.

“పొద్దుగాల్నే ఆమె ఎదురొచ్చింది, ఇంకెట్ల కదుల్తది బండి? రాహుకాలం గూడ నడుస్తున్నది. దిగున్రి, తొమ్మిది దాటినంక పోదాం” అంది అత్తమ్మ. ఆ మాట ఎదురింటిదాకా వినబడింది. ఆమె గిన్నెతో అట్లాగే వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

తొమ్మిదింబావుకు బావ తాళం తిప్పితే బండి లేచింది. అత్తమ్మ నావైపు చూసింది. ఆమెకు ఇంక వేరే రుజువు అక్కర్లేదు.

బండి తొమ్మిది తర్వాత లేచిన మాట నిజమే. దాన్ని కాదంటే హేతువాదం కాదు, మొండితనం. ఎందుకు లేచిందన్నదే ప్రశ్న. మొదటి ‘టక్’ ఆమె గేటు తీయకముందే వినబడిందన్నది కూడా నిజమే. దాన్ని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

మనం ‘సెల్ఫ్’ అనే మాట సెల్ఫ్ స్టార్టర్ నుంచి వచ్చింది. అది రాకముందు బండి ముందుభాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో ఇంజన్ తిప్పేవాళ్లు. ఇంజన్ వెనక్కి కొడితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో కరెంటు మోటారుతో ఆ పని చేయించాడు, 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. ఈ మోటారు తిరిగేది కొన్ని సెకన్లే గానీ ఆ కాసేపట్లో వంద, రెండు వందల ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఒక హెడ్‌లైటు బల్బుకు కావలసింది ఐదు ఆంపియర్లు. కాబట్టి లైట్లు, హారన్ బాగుండి ఇంజన్ తిరగకపోవడంలో మాయ ఏమీ లేదు. సన్న ధారకు చాలిన దారి వరదకు చాలదు. ‘అన్నీ బాగనే ఉన్నయి, బండి లేస్తలేదంటే నజర్ తగిలింది’ అనే అనుమానం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ధనుర్మాసంలో శుభకార్యాలు పెట్టుకోరు. ఈ జిల్లాలో చలి ఎముకలు కొరికేది కూడా ఆ నెలలోనే. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, మోటారుకు బరువు పెరుగుతుంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. ఆ గంటన్నరలో బానెట్ మీద ఎండ పడింది. వేసవిలో ఇది తలకిందులవుతుంది. దూరం నడిపిన బండిని ఆపి వెంటనే తాళం తిప్పితే, అరిగిపోయిన సెల్ఫ్ మోటారు ఇంజన్ వేడికి మొరాయిస్తుంది. గంటన్నర ఆగితే చల్లబడి తిరుగుతుంది. రెండుసార్లూ పేరు రాహువుకే.

మర్నాడు పొద్దున అత్తమ్మను పక్కన నిలబెట్టుకునే బానెట్ ఎత్తాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ 12.5 వోల్టులు, మంచిదే. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టి బావను తాళం తిప్పమన్నాను. ‘టక్’. మీటరు 2 వోల్టులు చూపింది. అర వోల్టు కూడా దాటకూడదు. రెండు వోల్టులు ఎర్త్ వైరులోనే పోతున్నాయి. వైరు కొన విప్పితే కింద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి. ఉప్పుకాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది బిగించాం. ఒక్క తిప్పుకు లేచింది.

చప్పుళ్లు వింటే సగం పని అయిపోతుంది. టకటకటకమని వరసగా కొట్టుకుని లైట్లు మసకబారితే ముందు బ్యాటరీ చూడాలి. ఒకే ‘టక్’ గట్టిగా వస్తే వైర్లు, ఆ తర్వాత మోటారుకు కరెంటు కలిపే సోలనాయిడ్, మోటారులోని కార్బన్ బ్రష్‌లు. చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్చి. మోటారు జుయ్యిమని తిరిగి ఇంజన్ తిరగకపోతే మోటారును ఇంజన్‌కు తగిలించే బెండిక్స్ పోయింది. ఇంజన్ గిరగిరా తిరిగీ అందుకోకపోతే తప్పు సెల్ఫ్‌ది కానే కాదు. పది సెకన్లకు మించి తాళం తిప్పి పట్టుకోవద్దు, మోటారు కాలుతుంది. స్పానర్ పిడితో మోటారును మెల్లగా తడితే ఒక్కోసారి లేస్తుంది, అరిగిన బ్రష్ కదిలి తగులుకుంటుంది కాబట్టి. ఆ తట్టిన చెయ్యికి కూడా మహిమ అంటగడతారని నా భయం.

నిమ్మకాయా మిరపకాయలకు పది రూపాయలు పోతే పోనీ అనేవాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. ఎదురొచ్చిన మనిషి దగ్గరే నా పేచీ. ఇది పాత మెదక్ జిల్లా. బాణామతి అనే చేతబడి గురించి ఇక్కడ పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. బర్రె చచ్చినా, బిడ్డకు జ్వరమొచ్చినా కారణం వెతకకుండా మనిషిని వెతికారు. మంత్రగాళ్లని ముద్ర వేసి పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. ఎర్త్ వైరు బూజుకు ఎదురింటామెను బాధ్యురాలిని చేయడం, బర్రె చావుకు ఒక ముసలాయన పళ్లు పీకడం ఒకే దారిలో మొదటి మైలు, చివరి మైలు. మనకు సరిహద్దులో ఉన్న మహారాష్ట్ర ఈ దారికి అడ్డంగా 2013లో చట్టం తెచ్చింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను ఆ ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాకే అది వచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976 నుంచి మన రాజ్యాంగంలోనే ఉంది.

అత్తమ్మ ఆ పచ్చటి పొడిని వేలితో తాకి చూసింది. “గింతదానికా?” అంది. ఇంకేం మాట్లాడలేదు.

బుధవారం పొద్దున బావ తాళం తిప్పగానే బండి లేచింది. అప్పుడే ఎదురింటామె బయటికి వస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. బండి సందు మలుపు తిరిగేదాకా ఉండి, చప్పుడు కాకుండా గేటు దగ్గరికి వేసుకుంది.