తళ్లికోట తప్పి ఉన్నచో

1515 ప్రాంతమున కళింగ దండయాత్రా సందర్భమున శ్రీకృష్ణదేవరాయలు అహోబిల నృసింహుని సేవించి విలువైన కానుకలు సమర్పించెను. 1565లో తళ్లికోట యుద్ధము జరిగినది. పిదప పదునైదేండ్లు నిండకమునుపే గోలకొండ సేన ఆ ఆలయమునే దోచినది. రామరాయలు నాడు గెలిచి ఉన్నచో సీమకు ఈ గతి పట్టెడిది కాదని తరగతి గదులలో తరచు వినవచ్చును.

ఊహ మనోహరమే గాని, గెలుపు వాన కురిపింపదు. సీమను పోషించినవి చెరువులు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పోరుమామిళ్ల చెరువును వేయి మంది కూలీలతో, నూరు బండ్లతో రెండేండ్లు శ్రమించి కట్టించెనని 1369 నాటి శాసనము చెప్పుచున్నది. పూడిక తీయించు ప్రభువు, గట్టు కాచు గ్రామము లేనప్పుడు అట్టి చెరువు ఏ యుద్ధమూ లేకయే చచ్చును. పాలెగాండ్ర కలహములలో జరిగినది అదియే. 1800లో నిజాము ఈ మండలములను కుంపిణీకి ఒప్పగించెను. 1876-78లో మహాక్షామము వచ్చెను.

ఇంతకంటె దగ్గరి "ఉన్నచో" ఒకటి కలదు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలములలో సీమకు ప్రాధాన్యమని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో నాయకులు వ్రాసికొనిరి. 1953లో రాజధానియైన కర్నూలు 1956లో ఆ హోదా కోల్పోయెను. కృష్ణా-పెన్నారు పథకము కాగితములపైననే మిగిలినది. కర్నూలును న్యాయరాజధానిగా నిర్ణయించిన 2020 నాటి చట్టము మరుసటి యేటనే రద్దయినది.

1983లో ఆరంభించిన తెలుగుగంగ ఆళ్లగడ్డ సీమ మీదుగా చెన్నపట్నము దాహము తీర్చుటకు సాగుచున్నది. అందులో తన పొలమునకు దక్కు పాలెంత అని ఇచటి రైతు అడుగుచున్నాడు.