పిల్లికి గుండు ఎందుకు?

మే నెల ఎండలను మన పంచాంగంలో కర్తరి అంటారు. ఇక్కడ చెన్నైలో కత్తిరి వెయిల్ అంటారు. రెండింటికీ అర్థం కత్తెరే. ఆ పేరు వినగానే కొంతమందికి ఇంట్లో ఉన్న పర్షియన్ పిల్లి గుర్తుకొస్తుంది కాబోలు! దాన్ని బుట్టలో పెట్టుకుని గుండు కొట్టించడానికి బయలుదేరతారు. "పాపం, ఇంత బొచ్చుతో ఎండకెలా తట్టుకుంటుంది?" అంటారు. వినడానికి జాలిగానే ఉంటుంది. కానీ అది చాలా ఇళ్ళలో జాలి కాదు, బద్ధకం అని నేనంటాను.

ముందు ఎండ సంగతి చూద్దాం. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, అందుకే గాలి తగిలితే చల్లగా ఉంటుంది. పిల్లికి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల కింది మెత్తల్లోనే. మిగతా ఒంటిని అది నాకి తడుపుకుని చల్లబరుచుకుంటుంది. పైన ఉన్న బొచ్చు ఎండను నేరుగా చర్మం మీద పడనివ్వదు. గుండు చేశాక కిటికీలో ఎండకు పడుకుంటే (పడుకోకుండా ఉంటుందా, పిల్లి కదా!) చర్మం కమిలిపోతుంది. పోయిన బొచ్చు మళ్ళీ మామూలుగా రావడానికి నెలలు పడుతుంది. అంటే కత్తిరి ముగిసి, వానలు వచ్చి, చలిగాలి మొదలైనా అది సగం బొచ్చుతోనే తిరుగుతుంది.

మా ఫ్లాట్లలో ఒకరు పోయిన ఏడాది వాళ్ళ పిల్లికి "సింహం కట్టింగ్" చేయించారు. మెడ చుట్టూ జూలు, తోక చివర కుచ్చు వదిలేసి మిగతాదంతా గీకేయడం అన్నమాట. పదిహేను వందలు తీసుకున్నారట. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఇక్కడ పిల్లి పెట్టుకోలేదు, మనమే పెట్టాం. వెనక తొడ దగ్గర మిషన్ తగిలి చర్మం చీలింది. పిల్లి చర్మం చాలా పలుచన, లాగితే సాగుతుంది, కాబట్టి సులభంగా తెగుతుంది. ఆ పిల్లి రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. వీళ్ళు మాత్రం ఫోటోలు తీసి అందరికీ పంపారు.

"పిల్లి తన ఒళ్ళు తానే శుభ్రం చేసుకుంటుంది, మనమెందుకు దువ్వాలి?" అని ఇంకొందరు వాదిస్తారు. వీధిపిల్లి విషయంలో అది నిజమే. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన చిన్న ముళ్ళుంటాయి. మన గోళ్ళలో ఉండే పదార్థమే వాటిలోనూ ఉంటుంది. అమెరికాలో జార్జియా టెక్ వాళ్ళు ఇంటి పిల్లి నుంచి సింహం, పులి దాకా ఆరు జాతుల నాలుకలను పరిశీలించి 2018లో ఆ వివరాలు ప్రచురించారు. నాకేటప్పుడు బొచ్చు అణిగి ఆ ముళ్ళు చర్మం దాకా చేరతాయి. పర్షియన్ పిల్లి బొచ్చు ఎంత అణిగినా చేరవు. అంటే పాపం అది రోజంతా నాకినా అడుగు బొచ్చు చిక్కు పడాల్సిందే. పైగా నాకిన బొచ్చు కడుపులోకి పోయి ఉండ కడుతుంది. చాలాసార్లు కక్కేస్తుంది. ఎప్పుడైనా పేగులో అడ్డుపడితే ఆపరేషనే.

ఇంత బొచ్చు దానికి ఎవరిచ్చారు? 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన పెట్టినప్పుడే పర్షియన్ పిల్లులు అందులో ఉన్నాయి. అప్పటినుంచి మనుషులే అందం కోసం ఏరి ఏరి పెంచి బొచ్చును ఇంత చేశారు, ముక్కును అంత నొక్కేశారు. కన్నీళ్ళు కారుతుంటే తడి దూదితో తుడవాల్సింది కూడా అందుకే. పెంచింది మనం కాబట్టి దువ్వే పని కూడా మనదే.

ఆ పనేమీ కష్టం కాదు. మా దూదికి (మా పిల్లి పేరు) రోజూ రాత్రి పది నిమిషాలు చాలు. పళ్ళు దూరంగా ఉన్న స్టీలు దువ్వెన ఒకటి, దగ్గరగా ఉన్నది ఒకటి ఉండాలి. వీపు దువ్వి ఊరుకుంటే లాభం లేదు, అక్కడ చిక్కే పడదు. చెవుల వెనక, చంకల్లో, పొట్ట మీద, తోక కింద చూడాలి. చిక్కు కనబడితే చర్మం దగ్గర బొచ్చును వేళ్ళతో పట్టుకుని, చివర నుంచి కొంచెం కొంచెంగా విడదీయాలి. మా అమ్మమ్మ నా చెల్లెలికి జడ వేసేటప్పుడు చేసేది కూడా ఇదే. కొంచెం మొక్కజొన్న పిండి చల్లితే జారుతుంది. చిక్కు తీయకుండా స్నానం చేయించకూడదు, తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కత్తెర మాత్రం అసలు పెట్టొద్దు, చిక్కుతో పాటు చర్మం కూడా వస్తుంది. మన షాంపూ వద్దు. డెట్టాల్ నీళ్ళు అసలే వద్దు, అది నాకితే పిల్లికి విషం. కుక్కల గోమార్ల మందు కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, దానితో పిల్లి ప్రాణమే పోవచ్చు.

నా తోటి విద్యార్థులకు ఒక మాట. "పిల్లి కొనిపెట్టు" అని నెల రోజులు ఏడ్చింది మనమే కదా? మరి చాలా ఇళ్ళలో దువ్వేది ఎవరు? వంట చేసి, గిన్నెలు తోమి, ఆఖరికి ఆ బొచ్చు సోఫా మీద నుంచి ఏరేది కూడా అమ్మే. ట్యూషన్ ఉంది, పరీక్షలున్నాయి అంటాం. ఫోన్‌కి మాత్రం గంట దొరుకుతుంది! అమ్మకు తీరిక ఉండదు, మనకు మనసు ఉండదు, అలా రెండు నెలలు గడిస్తే బొచ్చంతా అట్టకట్టి చర్మాన్ని లాగుతుంది. అప్పుడు గుండు తప్ప దారి లేదు. ఆ స్థితికి వచ్చాక చేయించాల్సిందే, నేను కాదనను. ముసలి పిల్లికి, ఒంటి మీద పుండ్లున్నదానికి కూడా పశువుల డాక్టరు చెబితే చేయించాలి. తోక కింద శుభ్రత కోసం కొంచెం కత్తిరింపు కూడా తెలిసినవాళ్ళతో చేయించవచ్చు. నేను తప్పంటున్నది ఏటేటా పండగలా చేయించే గుండును.

ఎండకు దానికి కావాల్సింది ఫ్యాను గాలి, రెండు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు, మధ్యాహ్నం పడుకోవడానికి చల్లని గచ్చు. చిక్కు లేని బొచ్చులో గాలి కూడా బాగానే ఆడుతుంది. దువ్వెన ఎలా పట్టుకోవాలో తెలియనివాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను అడగండి, చూపిస్తాను.