గీసుకునే టైరు, దాటవేసే చట్టం

దేశంలో ఏటా అమ్ముడవుతున్న ప్రయాణికుల వాహనాలలో సగానికి పైగా నేడు ఎస్‌యూవీలూ, వాటి కోవలోని యుటిలిటీ వాహనాలే. కొన్న కొద్ది నెలలకే వాటికి చిన్న చిన్న హంగులు జతచేయించుకోవడం నగరాలలో పరిపాటి అయింది. కంపెనీ ఇచ్చిన టైర్లు తీయించి, మరికాస్త ఎత్తూ వెడల్పూ ఉన్నవి వేయించడం వాటిలో మొదటిది. ఆ తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో, చక్రం గుంతలో పడి లేచినప్పుడో ఒక చప్పుడు మొదలవుతుంది. టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగును గీసుకుంటున్న చప్పుడది.

దీనిని కేవలం మోజుగా కొట్టిపారేయడం న్యాయం కాదు. స్పీడ్ బ్రేకరుకు 10 సెంటీమీటర్ల ఎత్తును ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే నిర్దేశించింది. ఆ కొలత ఏ మేరకు అమలవుతున్నదో, బండి అడుగు రాసుకున్న ప్రతి యజమానికీ విదితమే. స్పితి లోయకో, మేఘాలయ కొండలకో వెళ్లేవారు దృఢమైన టైర్లు కోరుకోవడంలోనూ అసహజమేమీ లేదు. అయితే ఆ కోరికకు మూల్యం ఎంత, దానిని ఎవరు చెల్లిస్తున్నారు అన్నదే ఆలోచించవలసిన విషయం.

లెక్క కష్టమైనదేమీ కాదు. 235/65 ఆర్ 17 కొలత గల టైరు వ్యాసం సుమారు 737 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 255/65 ఆర్ 17 వేస్తే అది 763కు చేరుతుంది. అంటే టైరు అంచు మడ్‌గార్డుకు 13 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. ఇరుపక్కలా చెరో 10 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. స్ప్రింగులు పూర్తిగా అణగినప్పుడు, చక్రం పూర్తిగా తిరిగినప్పుడు మిగిలే ఖాళీని తయారీదారు ముందే లెక్కగట్టి ఉంచుతాడు. ఆ ఖాళీనే కొత్త టైరు ఆక్రమిస్తున్నది. పైగా స్పీడోమీటరు 100 చూపుతున్నప్పుడు బండి అంతకుముందు అదే అంకె వద్ద వెళ్లిన దానికంటే మూడున్నర శాతం వేగంగా పోతుంటుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు అధికంగా శ్రమించాలి. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయిన ఏబీఎస్ కూడా కంపెనీ అమర్చిన చక్రాల లెక్కతోనే పనిచేసేలా రూపొందినది.

చప్పుడు మాన్పడానికి దుకాణాలలో చేసే చికిత్సలు ఒక్క తీరున ఉండవు. తొడుగును వేడిచేసి వెనక్కి వంచడం, తగిలేచోట కొద్దిగా కోయడం వీటిలో అంతగా హాని చేయనివి. స్టీరింగు మరీ ఎక్కువగా తిరగకుండా అడ్డుకట్ట సర్దితే మలుపు తిప్పడానికి ఎక్కువ చోటు కావలసి వస్తుంది తప్ప ప్రమాదం లేదు. చక్రాన్ని బయటకు నెట్టే స్పేసర్ల సంగతి వేరు. హబ్ మీదా, బేరింగుల మీదా భారం పెరుగుతుంది. ఒక్కోసారి రాపిడి లోపలి నుంచి బయటి అంచుకు మారుతుందే గాని పోదు. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి బండిని ఎత్తు చేయడం ఇంకా పెద్ద మార్పు. దానితో చక్రాల అమరిక, ఇరుసు కీళ్ల కోణం, హెడ్‌లైట్ల గురి అన్నీ మారిపోతాయి. బండి గరిమనాభి పైకి జరుగుతుంది. అసలే ఎత్తైన వాహనం హఠాత్తుగా మలుపు తిరిగినప్పుడు బోల్తాపడే అవకాశం హెచ్చుతుంది. చప్పుడు ఆగిపోయింది కదా అని యజమాని సంతృప్తి చెందుతాడు.

చట్టం ఏమంటున్నది? రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ శాసిస్తున్నది. 2019 జనవరిలో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు దీనినే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం పార్లమెంటు చేసిన సవరణ, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది. ఆ ఉపసెక్షన్ యజమానినే పట్టుకున్నది. టైరు అమ్మి, స్పేసరు బిగించి, తొడుగు కోసి డబ్బు తీసుకున్న దుకాణదారు ప్రస్తావన అందులో లేదు.

అంతకంటే పెద్ద లోపం, 'మార్పు' అంటే ఏమిటన్న అస్పష్టత. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణపు మార్పు అని చట్టం వివరణ ఇస్తున్నది. పదమూడు మిల్లీమీటర్ల తేడా ఆ కోవలోకి వస్తుందా? ప్లాస్టిక్ తొడుగును బెత్తెడు కోస్తే? ఒక జిల్లాలో రవాణా అధికారి చూసీచూడనట్లు వదిలిన బండిని పక్క జిల్లాలో ఆపే వీలున్నది. బంపర్ల ముందు బిగించే ఇనుప గార్డుల విషయంలో ఇటువంటి సందిగ్ధత లేదు. అవి 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు స్పష్టంగా తెలిపింది. గ్యాస్ కిట్లకూ ఆమోదించిన నమూనాలున్నాయి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు పద్ధతీ ఉన్నది. రోజూ వేలాది దుకాణాలలో మారే టైర్లకు మాత్రం యజమాని చదివి అర్థం చేసుకోగల నియమావళి లేకపోవడం శోచనీయం. ప్రమాదం జరిగి బీమా సంస్థ పరిశీలకుడు టైరు పక్కన అచ్చయిన అంకెలు రాసుకునే వేళకు గాని చాలామందికి ఈ సంగతి తలపునకు రాదు.

జర్మనీలో ఇటువంటి మార్పులను పూర్తిగా నిషేధించలేదు. విడిభాగానికి ఆమోదపత్రం ఉండాలి. అవసరమైనచోట అధీకృత నిపుణుడు బండిని పరీక్షించి వాహన పత్రాలలో నమోదు చేయాలి. మన దేశంలో ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. మార్పులకు ప్రమాణాలు, షరతులు నిర్ణయించే అధికారాన్నీ, ఆ మేరకు చేసిన మార్పుతో కంపెనీ వారంటీ రద్దు కాకుండా రక్షణనూ 2019 సవరణే కేంద్రానికి కల్పించింది. ప్రతి మోడలుకూ ఏయే కొలతల టైర్లు ఇముడుతాయో, ఎంతవరకు సురక్షితమో తయారీదారుకు తెలియనిది కాదు. డ్రైవరు తలుపు వద్ద టైరు కొలతా, గాలి పీడనమూ తెలిపే చీటీ ఇప్పటికే అంటిస్తున్నారు. అనుమతించిన ఇతర కొలతలను కూడా అందులోనే ముద్రించాలని రవాణా శాఖ ఆదేశించవచ్చు. ఆ జాబితాలో లేని టైరును బిగించే దుకాణదారు కూడా శిక్షార్హుడేనని నియమాలలో చేర్చవచ్చు.