‘ఉత్పన్నం కాదు’ అనే జవాబు ఇక చెల్లదు



2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ట్యాంకరు రావడం ఆలస్యమైంది. వెంటిలేటర్ల మీద ఉన్నవాళ్ళు అయినవాళ్ళ కళ్ళముందే పోయారు. అధికారులు చెప్పిన లెక్క 11. సరిగ్గా పది రోజులకు, మే 20న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ బడ్జెట్ సమావేశం జరిగింది. జరిగింది ఒక్కటే రోజు. ప్రతిపక్షం ఆ ఒక్క రోజూ సభకు రాలేదు. రుయాలో ఆ రాత్రి ఏం జరిగిందని నిలదీసి, మంత్రి చెప్పింది విని, ఆ చెప్పినదాని మీద మరో ప్రశ్న వేసే తీరిక ఎవరికి ఉంది, చోటు ఎక్కడ ఉంది?

అడగవలసినవాళ్ళు అడగకపోతే ఏమవుతుందో జూలై 20న తేలింది. ఆక్సిజన్ కొరతతో ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో ప్రశ్న వస్తే, అలా చనిపోయినట్లు రాష్ట్రాలేవీ ప్రత్యేకించి తెలపలేదని కేంద్రం జవాబిచ్చింది. దేశమంతా నివ్వెరపోయింది. గొడవయ్యాక కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరాలు రాసింది. ఆగస్టు రెండో వారంలో మన రాష్ట్రం నుంచి జవాబు వెళ్ళింది: అవును, మే 10న ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారు, ప్రాథమిక విచారణలో ఒత్తిడి తగ్గడం కనిపించింది అని. తిరుపతిలో ఊరంతటికీ ఆ రాత్రే తెలిసిన సంగతి ఢిల్లీ కాగితం ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. అది కూడా ఒక సభ్యుడు అడిగాడు కాబట్టి, వచ్చిన జవాబు నలుగురూ నమ్మలేదు కాబట్టి.

అప్పుడు ఏ పార్టీ, ఇప్పుడు ఏ పార్టీ అనే లెక్కలోకి మమ్మల్ని లాగకండి. అధికారంలో ఉన్నవాళ్ళు సభను కుదిస్తారు, లేనివాళ్ళు బహిష్కరిస్తారు, కుర్చీలు మారితే పాత్రలూ మారతాయి. మేము అడుగుతున్నది కుర్చీ ఎవరిదైనా నిలిచే ఒక నిబంధన.

మన అసెంబ్లీ ప్రశ్నల పట్టిక ఎప్పుడైనా చూశారా? చూసినవాళ్ళకు దాని భాష తెలుసు. ‘ఫలానా శాఖామాత్యులు ఈ క్రింది విషయములను దయచేసి తెలియజేయుదురా’ అని మొదలవుతుంది. అ) ఫలానా సంగతి వాస్తవమేనా? ఆ) అయితే, ఆ వివరాలేమిటి? ఇ) తీసుకున్న చర్యలేమిటి? ఎదురుగా జవాబు: అ) లేదండి. ఆ) ఉత్పన్నం కాదు. ఇ) ఉత్పన్నం కాదు. ఈ కరపత్రం రాస్తున్నవాణ్ణి ముప్పై ఏళ్ళు బళ్ళో జవాబు పత్రాలు దిద్దాను. మొదటి ప్రశ్నకు ‘లేదండి’ అని రాసి, తక్కిన రెండింటికీ ‘ఉత్పన్నం కాదు’ అని పెట్టిన పిల్లవాడికి ఎన్ని మార్కులు పడతాయో మీకు చెప్పనక్కర్లేదు. మంత్రిగారికి మాత్రం అక్కడితో పరీక్ష పాసు.

ఈ అడిగే హక్కు మనకు ఊరికే రాలేదు. తెల్లదొరల కాలంలో 1861 నుంచి శాసన మండళ్ళు ఉన్నా, ప్రశ్న వేసే వీలు 1892 చట్టంతోగాని రాలేదు. 1893 ఫిబ్రవరి 16న తొలి ప్రశ్న వేసినవాడు భింగా రాజా. ఆయన అడిగింది సంస్థానాల గొడవ కాదు, రాజుల మర్యాదలూ కాదు. దొరలు పల్లెల్లో క్యాంపు వేసినప్పుడు వాళ్ళకు సరుకులు సమకూర్చలేక ఊళ్ళోని చిల్లర దుకాణదారులు పడుతున్న ఇబ్బందుల గురించి అడిగాడు. ఉప్పూ పప్పూ అమ్ముకునేవాడి కష్టంతో మొదలైన హక్కు ఇది. అప్పుడు జవాబు మీద తిరిగి ప్రశ్నించే వీలు లేదు. 1909లో అడిగినవాడికి మాత్రం అనుబంధ ప్రశ్న వేసే వీలు ఇచ్చారు. ఎవరైనా వేయవచ్చన్నది 1919 సంస్కరణల తరవాత.

ఆ అనుబంధ ప్రశ్న బలం ఎంతో చూడాలంటే ముంద్రా వ్యవహారం చాలు. జీవిత బీమా సంస్థ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలు 1.24 కోట్ల రూపాయలకు ఎందుకు కొన్నదని 1957లో లోక్‌సభలో ప్రశ్నలు లేచాయి. ఫిరోజ్ గాంధీ, అధికార పార్టీ సభ్యుడే, ప్రధాని అల్లుడే, వదలలేదు. చాగ్లా కమిషన్ వచ్చింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత పార్టీవాడు సొంత మంత్రిని అడగడం ఇప్పుడు మన సభల్లో ఎంత అరుదో చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఇప్పటి పద్ధతి సంగతి. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేనివి 230, వాటికి రాతపూర్వకంగా ఇస్తారు. గంటలో ఆ ఇరవైలో నాలుగైదు తెమిలితే గొప్ప. మన అసెంబ్లీల్లోనూ మొదటి గంట ప్రశ్నోత్తరాలే. కాని సభ నడిస్తేనే ఆ గంట. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని మాత్రమే రాజ్యాంగం 174వ అధికరణం అంటుంది. ఎన్ని రోజులు కూర్చోవాలో అనదు. జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో పెద్ద శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలంది. దేశంలో రాష్ట్రాల సభలు ఈ మధ్య కూర్చుంటున్నది సగటున ఇరవై రోజులకు అటూ ఇటూ. అంటే ఏడాదిలో మూడొందల నలభై చిల్లర రోజులు ప్రభుత్వాన్ని ఎమ్మెల్యే కట్టుదిట్టంగా ప్రశ్న అడిగే దారి లేదు. మంత్రిని కలిసి వినతిపత్రం ఇచ్చుకోవచ్చు. వినతిపత్రం వేరు, ప్రశ్న వేరు. ఒకదానికి దండం పెట్టి నిలబడతాం, రెండోదానికి జవాబు రావాలి.

అదే మీరు, నేను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో. కారణం లేకుండా ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. ఆ చట్టం సరిగ్గా నడుస్తోందని మేము అనం. కాని ఊళ్ళో పెన్షనరుకు ఉన్న గడువు లక్షల ఓట్ల నియోజకవర్గానికి ప్రతినిధి అయిన ఎమ్మెల్యేకు లేకపోవడం వింతగా లేదూ!

గడువు ఒక్కటే జబ్బు కాదు. లెక్క అనేదాన్ని ఎలా మాయం చేస్తారో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే రేపు ప్రశ్న రాయించవలసింది మనమే.

ఒక పద్ధతి, లెక్కే లేదనడం. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కరోనా పేరిట పార్లమెంటులో ప్రశ్నోత్తరాల గంటను ఎత్తేసి, రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇంటిదారి పట్టి చనిపోయిన వలస కూలీలు ఎందరు అని అడిగితే కార్మిక శాఖ అలాంటి వివరాలు లేవంది. లేవు కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదంది. అదే నెలలో రైల్వే మంత్రి రాజ్యసభకు ఇచ్చిన జవాబులో, సెప్టెంబరు 9 వరకు శ్రామిక్ రైళ్ళలో 97 మంది చనిపోయినట్లు ఉంది. ఒక శాఖ దగ్గర లేని లెక్క ఇంకో శాఖ బీరువాలో ఉంది. ఎవరి బీరువా తెరవాలో తెలిసి అడిగినవాడికే అంకె దొరికింది.

ఇంకొకటి మాటల గారడీ. 2021 జూలైలో పాకీ పని వల్ల చనిపోయినవాళ్ళు ఎందరని రాజ్యసభలో అడిగితే, అలాంటి మరణాలేవీ నమోదు కాలేదని జవాబు. అంతకు కొన్ని నెలల ముందే, 2020 డిసెంబరు 31 వరకు అయిదేళ్ళలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది చనిపోయారని లోక్‌సభకు చెప్పింది ఇదే ప్రభుత్వం. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టంలో దానికి ఒక నిర్వచనం, మురుగు కాలువలోకి దిగడానికి ఇంకో నిర్వచనం. ప్రశ్నలో పడిన ఒక్క మాటతో మూడు వందల నలభై శవాలు కనుమరుగయ్యాయి. అబద్ధం ఆడారని అనలేం. ఆడలేదని అనడానికి నోరు రాదు.

అన్నిటికన్నా మెత్తని గారడీ సగటు. 108 బండి ఫోను చేశాక ఎన్ని నిమిషాల్లో వస్తోందని అడిగితే మంత్రిగారు రాష్ట్ర సగటు చెప్తారు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరికి వచ్చే బండినీ, పాడేరు కొండల్లోకి రాని బండినీ కలిపి తీసే సగటు అది. డోలీలో గర్భిణిని మోసుకుని తారు రోడ్డు దాకా వచ్చిన తరవాత గడియారం తిరగడం మొదలైతే సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది. కాబట్టి ‘సగటు ఎంత’ అని కాదు, ‘గంట దాటిన ఫోన్లు ఎన్ని, మండలాల వారీగా’ అని అడగాలి. రోడ్డు ప్రమాదాల లెక్కా అంతే. 2022లో దేశంలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో చేరాలంటే ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ప్రాణం పోవాలి. రెండు నెలలు మంచం మీద ఉండి పోయినవాడు రోడ్డు మీద పోయినట్లు కాదు.

పైగా ఈ నివేదికలు వచ్చేసరికి పుణ్యకాలం దాటిపోతుంది. 2023 నేరాల లెక్కను జాతీయ నేర గణాంకాల సంస్థ బయటపెట్టింది 2025 సెప్టెంబరు చివర్లో. అప్పటికి ఎస్పీ మారి ఉంటాడు, మంత్రీ మారి ఉండవచ్చు.

ఇక ఫ్యాక్టరీలు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై 12 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో నలభై మందికి పైగా చనిపోయారు. ప్రతిసారీ పొగ ఆరకముందే అందరం అడుగుతాం, ఈ ఫ్యాక్టరీని ఆఖరుసారి ఎప్పుడు తనిఖీ చేశారని. ఆ ప్రశ్న పేలుడికి ముందు రోజు సభలో ఉండాలి. ఏ ఫ్యాక్టరీని ఏ తేదీన ఎవరు చూశారు, ఏ లోపం రాశారు, దాన్ని సరిచేశారా లేదా అన్న పట్టిక ఎమ్మెల్యే చేతికి ఏడాదికి ఒక్కసారి వచ్చినా కొన్ని యాజమాన్యాలకు నిద్ర పట్టదు.

అందుకని మేము అడుగుతున్నది ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు తమ నియమావళిని సవరించి, సభ నడుస్తున్నా లేకపోయినా ప్రతి సభ్యుడు నెలకు అయిదు రాతపూర్వక ప్రశ్నలు వేసే వీలు కల్పించాలి. ప్రతిదానికీ 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో, బస్సులో, హాస్టల్లో, ఫ్యాక్టరీలో మరణాలు జరిగితే వారం. సభ వాయిదా పడిందనో, సమావేశాలు ముగిశాయనో ప్రశ్న మురిగిపోకూడదు. ‘సమాచారం లేదు’ అనే జవాబు వస్తే, ఆ లెక్క ఉంచవలసింది ఏ కార్యాలయమో, ఎప్పటికి తయారుచేస్తారో కూడా అదే కాగితం మీద రాయాలి, అది దానంతటదే ప్రభుత్వ హామీల కమిటీకి వెళ్ళాలి. లోక్‌సభలో అలాంటి కమిటీ 1953 నుంచీ ఉంది. అక్కడ హామీ తీర్చడానికి గడువు మూడు నెలలు. జవాబులన్నీ పూర్తి పట్టికలతో, తెలుగులో, మండలాల వారీగా అందరికీ కనిపించేలా పెట్టాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, గవర్నరు సంతకం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అసలే అక్కర్లేదు. సభ తన నియమాలు తానే చేసుకోవచ్చని 208వ అధికరణం చెబుతోంది.

అధికారులకు పని పెరుగుతుందంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది. అందరూ నెలకు అయిదూ వేసినా ఇక్కడ 875, అక్కడ 595. అన్ని శాఖలకూ పంచితే కొండంత పనేమీ కాదు. ఒకసారి పట్టిక తయారైతే మరుసటి నెల అంకె మార్చడమే.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. ప్రశ్నలు అమ్ముకునేవాళ్ళు ఉంటారు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. ఒక కంపెనీని బెదిరించడానికి ప్రశ్న రాసి, బేరం కుదిరాక ఉపసంహరించుకునే ఘనులు మన దగ్గర పుట్టరని హామీ ఇవ్వలేం. అందుకే ప్రశ్న నోటీసు ఇచ్చిన రోజే సభ్యుడి పేరుతో సహా బయటపెట్టాలి, వెనక్కి తీసుకుంటే కారణం రాయాలి అంటున్నాం. చీకట్లో జరిగే బేరానికి అంతకన్నా మందు మాకు తోచలేదు.

మీరు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఈ నెలలో మీ ఎమ్మెల్యే ఊళ్ళో ఉన్న రోజు చూసుకుని అయిదుగురో పదిమందో కలిసి వెళ్ళండి. దండలూ శాలువాలూ వద్దు. ఈ సవరణ కోరుతూ సభాపతికి, నియమావళి కమిటీకి లేఖ రాస్తారా అని అడగండి. రాస్తానంటే ఆ లేఖ నకలు తీసుకోండి. దాంతోపాటు మీ ఊరి ప్రశ్న ఒకటి రాసి ఇవ్వండి. మా ఊరివాళ్ళం ఇచ్చింది ఇది, కావాలంటే ఊరు పేరు మార్చుకుని వాడుకోండి:

‘వైద్య ఆరోగ్య శాఖామాత్యులు ఈ క్రింది విషయములను దయచేసి తెలియజేయుదురా: అ) గత పన్నెండు నెలల్లో మా మండలం నుంచి 108కి వచ్చిన ఫోన్లు ఎన్ని, ఆ) వాటిలో బండి చేరడానికి గంట దాటినవి ఎన్ని, అసలు చేరనివి ఎన్ని, ఇ) ఆ వివరాలు లేనిచో, వాటిని నమోదు చేయవలసిన అధికారి ఎవరు?’

మూడో భాగం తప్పకుండా ఉంచండి. ‘అయితే’ అనే మాటతో మాత్రం ఏ భాగాన్నీ మొదలుపెట్టకండి.