చేవ లేదని చులకన వద్దు

మంచి కలప ఏది అని అడిగితే మనలో చాలామంది టేకు అనే చెబుతాం. నిజమే, తలుపుకూ దూలానికీ చేవదేరిన టేకు కావాలి. మరి బొంగరానికీ గిలక్కాయకూ? అక్కడ అంకుడు కర్రదే పైచేయి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. తెల్లని అంకుడు కర్రలో విడిగా కనిపించే చేవ ఉండదు. చెట్టులో నీటిని మోసే గొట్టాలు ఇందులో చాలా సన్నవి. కర్ర అంతటా ఒకే తీరుగా ఉంటుంది. అందువల్ల లేతు మీద తిరిగేటప్పుడు ఉలి నున్నగా సాగిపోతుంది. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్కను అదిమితే, రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే తళతళ మెరుస్తుంది.

ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని గుర్తింపు పత్రం కర్రను పుట్టించదు కదా! అంకుడు చెట్టే కరవైతే చేతిలో పనితనం ఉండి ఏం లాభం?

ఉపాయం ఆ చెట్టులోనే ఉంది. మొదలు మిగిల్చి నరికితే అంకుడు మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెకలిస్తే ఆ అవకాశం పోతుంది. జంటలుగా వేలాడే కాయలు పగిలినప్పుడు, దూదిపింజల వంటి కుచ్చులతో గింజలు గాలిలో ఎగురుతాయి. వాటిని ఏరి మొలకెత్తించడం మీ చేతిలో పనే. ప్రతి బడి ఆవరణలో నీడచెట్లతో పాటు నాలుగు అంకుడు మొక్కలకూ చోటివ్వాలని నా అభిప్రాయం.

బొమ్మను మెచ్చుకుంటే చాలదు, చెట్టునూ పెంచాలి.